నాలుగో రకం

కరెంటు పోయినా పోనట్టే ఉండే రోజులు ఆళ్లగడ్డకు వచ్చేశాయని మత్స్యశాఖ మంత్రి సుందరరాజు గారు నంద్యాల గెస్ట్‌హౌస్ వరండాలో ప్రకటించారు. చేపలకూ కరెంటుకూ ఏం సంబంధమని అడిగేవాళ్లు అక్కడ లేరు. ఉన్నా అడగరు. మొదటి వరసలో మద్దిలేటి కూర్చున్నాడు మరి.

మద్దిలేటి ఆళ్లగడ్డ పార్టీ కార్యకర్త. జిందాబాద్ కొట్టడంలో జిల్లాలో అతని తర్వాతే ఎవరైనా. మంత్రిగారి ఎడమకాలు జీపులోంచి బయటికొస్తే చాలు, కుడికాలు నేలకు తగిలేలోపు నినాదం పూర్తయ్యేది. చెట్టు ముందా, విత్తు ముందా అన్నట్టు, మంత్రిగారు ముందొచ్చారో జిందాబాద్ ముందొచ్చిందో జనానికి తెలిసేది కాదు.

ఈసారి మాత్రం అతనికి సొంత అవసరం కూడా ఉంది. భార్య రామసుబ్బమ్మకు నెలలు నిండవస్తున్నాయి. బిడ్డ అడ్డం తిరిగింది, ఆపరేషన్ తప్పదన్నారు డాక్టరు. పెద్దవాడు పుట్టినప్పుడు సరిగ్గా నడిమధ్యలో కరెంటు పోయి, నర్సు లూదియా టార్చిలైటు పళ్లతో కరిచిపట్టుకొని కాన్పు చేసింది. ఆ మాట తలుచుకుంటే మద్దిలేటికి ఇప్పటికీ ఒళ్లు చల్లబడుతుంది.

"అన్నా, ఈ తడవ ఆపరేషన్ అప్పా. కడుపు కోసినంక లైటు పోతే నేనేం చేసేది? హైదరాబాద్‌లో ఆగని కరెంటు పెట్టెలు అమ్ముతాండారంట. మీ మంత్రికి చెప్పి ఒకటి తెప్పియ్యి" అంది లూదియా. మద్దిలేటి చెప్పాడు. మంత్రిగారు అప్పటికే రాజధానిలో ఒక కంప్యూటర్ గదిలో ఆ పెట్టెను చూసి, దాని ముందు ఫోటో కూడా దిగి ఉన్నారు. అందుకే ఈ ప్రకటన.

హైదరాబాద్ నుంచి ఏజెంటు ఒకాయన మూడు పెట్టెలు తెచ్చాడు. మెడలో స్టాప్‌వాచ్ వేలాడుతోంది. కరెంటు పోయిన క్షణానికీ, పెట్టె అందుకున్న క్షణానికీ మధ్య ఎంత గ్యాపో దాంతో కొలుస్తాడట.

"సార్, మొదటిది ఆఫ్‌లైన్ రకం. కరెంటున్నంతసేపు ఊరికే కూర్చుంటుంది. పోగానే లేచి అందుకుంటుంది. మధ్యలో కొంచెం గ్యాపుంటుంది."

"అంటే మనం పడేదాకా కాచుకొని కుర్చీ ఎక్కే రకం" అన్నారు మంత్రిగారు. "మా పార్టీలోనే ఉండారు ఇట్లాంటోళ్లు. నమ్మకూడదు."

"రెండోది లైన్ ఇంటరాక్టివ్. వోల్టేజీ తగ్గితే పెంచుతుంది, పెరిగితే తగ్గిస్తుంది. మరీ చేతకాకపోతే బ్యాటరీ మీదికి పోతుంది."

"రెండు పక్కలా సర్దిచెప్పే రకం. మంచోడే. కానీ మంచోళ్లకు టికెట్ ఇయ్యలేం."

"మూడోది ఆన్‌లైన్ సార్. ఎప్పుడూ బ్యాటరీ ద్వారానే నడుస్తుంది. బయట కరెంటు ఉందో పోయిందో లోపలున్నవాళ్లకు తెలియనే తెలియదు. గ్యాపు సున్నా."

మంత్రిగారు ఆ పెట్టెను ఆప్యాయంగా నిమిరారు. "బయట ఏం జరిగినా లోపల తెలీదు. ఇది నా మాదిరే ఉండాది."

మద్దిలేటి చప్పట్లు కొట్టాడు. కానీ సర్కారు సొమ్ము కదా, పోల్చి చూడకుండా కొనకూడదని పెట్టెల కొనుగోలుకు వేసిన కమిటీ పట్టుబట్టింది. పెట్టెకొక బల్బు తగిలించారు. కరెంటు పోయినప్పుడు ఏ బల్బు రెప్ప వేస్తుందో చూడాలి. అందరూ కుర్చీలు లాక్కుని కరెంటు పోవడం కోసం కూర్చున్నారు.

మామూలుగా నంద్యాలలో కరెంటు పోవడానికి ఎవరూ కాచుకోవాల్సిన పని లేదు, దానంతటదే పోతుంది. ఆ రోజు పోలేదు. మిరపకాయ బజ్జీలు అయిపోయాయి, టీలు అయిపోయాయి, భోజనాలూ అయిపోయాయి. ఫ్యాన్లు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. మద్దిలేటికి జీవితంలో మొదటిసారి తిరుగుతున్న ఫ్యాను మీద కోపమొచ్చింది.

"ఏందప్పా, ఇంకా పోదే?" అని మంత్రిగారు కరెంటు ఆఫీసు ఏఈ నతానియేలును అడిగారు.

"తమరుండారు గదా సార్" అన్నాడు నతానియేలు చేతులు కట్టుకొని. "తమరు యాడుంటే ఆడ పోకూడదు. జీపు బయలుదేరితానే మాకు ఫోనొస్తాది. వెలుగోడు, మిడుతూరు లైన్లు పీకి తమరున్న లైనుకు ఇస్తాం. మొదట్నుంచీ మాకదే పద్ధతి."

"నేనే చెప్తాండా గదా. రవ్వంతసేపు తీసెయ్."

నతానియేలు వినయంగా నవ్వాడు. "మా పాత ఏఈ కూడా ఒక మంత్రి తియ్యమంటే తీసినాడు సార్. ఇప్పుడు శ్రీకాకుళంలో ఉండాడు."

"రాసిస్తానప్పా."

"రాసిచ్చినా తియ్యను సార్. నాకు ఆడపిల్లలుండారు."

ఆళ్లగడ్డలో అయితే ఖాయంగా పోతుందని మద్దిలేటి సలహా ఇచ్చాడు. పెట్టెలు వ్యాన్‌కెక్కించి అంతా బయలుదేరారు. జీపు ఊరు దాటగానే వెనక నంద్యాలలో కరెంటు పోయింది, ముందు ఆళ్లగడ్డలో వచ్చింది. రైసుమిల్లు కూతపెట్టింది. వారం నుంచి పిండి కోసం తిరుగుతున్న ఆడవాళ్లు గంపలెత్తుకొని పరుగెత్తారు. ఆస్పత్రి వరండాలో మూడు బల్బులూ పొద్దుగూకేదాకా రెప్ప వేయకుండా వెలిగాయి. ఏ రకం గొప్పదో తేల్చడానికి కమిటీకి దారి దొరకలేదు.

లూదియాకు ఒళ్లు మండింది. "మీరొచ్చినంక కరెంటు పోలేదు గదా సార్. ఇంక పెట్టెలెందుకు? కాన్పులప్పుడు మీరే వచ్చి ఈడ కూర్చోండి, సరిపాయె" అంది.

ఆమె ఎకసెక్కంగా అంది. మంత్రిగారు చాలాసేపు ఆలోచించారు. తర్వాత లేచి నిలబడ్డారు. ఆయన లేచి నిలబడ్డారంటే ఏదో పథకం పుట్టిందన్నమాట.

వారంలోపే కమిటీ నివేదిక వచ్చింది. మూడు రకాలకన్నా నాలుగో రకం మేలైనదని ఏకగ్రీవంగా తేల్చారు. నాలుగో రకం అంటే మంత్రిగారు. దీనికి బ్యాటరీ అక్కరలేదు. గ్యాపు లేదు. తనంతట తనే జీపెక్కి వస్తుంది. పెట్టెలు వెనక్కి కట్టేయమన్నారు. ఏజెంటు మాత్రం ఎందుకో ఆశ చావక, ఆళ్లగడ్డ లాడ్జిలోనే ఉండిపోయాడు.

ఇక చూడాలి మంత్రిగారి సేవ. రైసుమిల్లు వాళ్లు వడ్ల బస్తాల మధ్య పీట వేసి కూర్చోబెట్టుకున్నారు. టూరింగ్ టాకీసు వాళ్లు ఆయన్ని తెర పక్కనే కూర్చోబెడితే, ఆ సినిమా రీలు రీలుకూ ఆగకుండా మొట్టమొదటిసారి శుభం దాకా నడిచింది. మిడుతూరు రైతులు వచ్చి, "ఒక్క పొద్దు మా మోటర్ల కాడికి రాండి సార్, మా కరెంటే మాకు తెచ్చియ్యండి" అని బతిమాలుకున్నారు. చేపల ఫైళ్లు ఆయన వెంట ఊరూరూ తిరిగాయి. ఎవరికి ఏ రోజో మద్దిలేటి చూసుకునేవాడు. రామసుబ్బమ్మ ఆపరేషన్ రోజు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

ఆ రోజు రానే వచ్చింది. మంత్రిగారిని వరండాలో పేము కుర్చీలో కూర్చోబెట్టి, దండ వేసి, మద్దిలేటి లోపలికి తొంగిచూశాడు. మూలన లూదియా పెట్రోమాక్స్ లైటుకు గాలి కొడుతోంది.

"ఏందక్కా ఇది? ఆయన బయట కూర్చోనుంటే లోపల పెట్రోమాక్సా? చూస్తే ఏమనుకుంటాడు?"

"ఏమన్నా అనుకోనీ. కిరసనాయిలు నాది" అంది లూదియా, గాలి కొడుతూనే.

డాక్టరు లోపలికి పోయాక తలుపు మూశారు. మద్దిలేటికి కాళ్లు నిలవలేదు. తలుపు దాకా పోతాడు, వస్తాడు. మంత్రిగారు, "భయమెందుకప్పా, నేనుండా గదా" అన్నారు. ఆ మాటతో అతనికి నిజంగానే ధైర్యమొచ్చింది.

అప్పుడు ఆస్పత్రి ఫోను మోగింది. మంత్రిగారికే. ఆయన విన్నారు, లేచారు, మళ్లీ కూర్చున్నారు.

"మంత్రివర్గంలో మార్పులంట" అన్నారు మెల్లగా. "నా శాఖ..."

ఆయన మాట పూర్తి కాలేదు. నెత్తిమీద ఫ్యాను నెమ్మదించి, రెక్కలు ఒక్కొక్కటిగా కనిపించి, ఆగింది.

"లూదియక్కా" అని మద్దిలేటి తలుపు మీద పడ్డాడు. తలుపు కింది సందులోంచి తెల్లటి వెలుతురు వస్తోంది. లోపలి నుంచి బుస్సుమనే చప్పుడు, దాని వెనకే లూదియా గొంతు: "తలుపు గుద్దద్దు. పని జరుగుతాండాది."

ఎంతసేపైందో తెలియదు. బిడ్డ ఏడ్చింది. లూదియా గుడ్డలో చుట్టి తెచ్చి మద్దిలేటి చేతుల్లో పెట్టింది. "ఆడపిల్ల. తల్లి కూడా బాగుండాది. నాకు నూనె అయిపోయింది. రేపు ఇంకొకామెకు ఆపరేషన్ ఉండాది, కరెంటుకు ఏం చేస్తావో నువ్వే చూసుకో." మద్దిలేటి బిడ్డ మొహం చూసి సిగ్గులేకుండా ఏడ్చాడు.

కరెంటు పోయిందని తెలిసి, ఏజెంటు లాడ్జి నుంచి స్టాప్‌వాచ్ పట్టుకొని రొప్పుతూ వచ్చాడు. ఇన్నాళ్లకు అతని రోజు వచ్చింది. అతని వెనకే స్కూటర్ మీద నతానియేలు దిగాడు.

"యాడికి పోయిందప్పా కరెంటు?" అని అడిగారు సుందరరాజు గారు.

"నందికొట్కూరుకు" అన్నాడు నతానియేలు. సార్ అనలేదు, చేతులు కట్టుకోలేదు. "చేపల శాఖ ఆ ఊరి ఎమ్మెల్యేకిచ్చినారు. ఇంటికాడనే ఉండాడు. ఆ శ్రీనివాసులు..."

ఏజెంటు వేలు అలవాటు కొద్దీ స్టాప్‌వాచ్ మీద పడింది.

సుందరరాజు గారి ఒళ్లో బిడ్డ ఉంది. ఎలా వచ్చిందో ఆయన చూడలేదు. మెడలో దండ లేదు. అది మద్దిలేటి భుజం మీద ఉంది, మద్దిలేటి నతానియేలు స్కూటర్ వెనకసీటు మీద ఉన్నాడు, కుడిచెయ్యి పైకి లేచి ఉంది.

"శ్రీనివాసులు గారికీ, జిందాబాద్."

బిడ్డకు ఉక్కపోస్తుంటే సుందరరాజు గారు కమిటీ నివేదికతో విసురుతున్నారు. ఏజెంటు స్టాప్‌వాచ్ ఆపి, గ్యాపు ఎంతో చూసుకున్నాడు. చెవి దగ్గర పెట్టుకొని ఊపి, మళ్లీ చూశాడు. ముల్లు సున్నా మీదే ఉంది.