కోచ్‌గారి సుదీర్ఘ వందనం

ఆ ఉదయం కోచ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి బూట్లు తొడుక్కోవడం, పదింటికి కమిటీ ముందు నిటారుగా నిలబడడం, మరో నాలుగేళ్ళకి జాతీయ జూడో జట్టు కోచ్‌గా ఖాయమై ఇంటికి తిరిగి రావడం. మొదటి అంశంలోనే తేడా కొట్టింది. లేసు ముడివేసి లేవబోతే నడుములో ఏదో కలుక్కుమంది. అలాగే ఉండిపోయాడు.

"ఏమైంది?" వంటగదిలోంచి భార్య అడిగింది.

"ఏం కాలేదు."

"కాకపోతే పావుగంట నుంచీ ఆ బూటుతో ఏం మాట్లాడుతున్నారు?"

ఒకప్పుడు జారిన భుజంతోనే ఫైనల్ ఆడి బంగారు పతకం తెచ్చినవాడతను. భుజం ఆ సాయంత్రమే చోటికొచ్చింది. గర్వం మాత్రం ఇరవై ఏళ్ళయినా చోటికి రాలేదు. శిక్షణ హాలు గోడమీద 'ఇక్కడ నొప్పి అనే మాట నిషేధం' అని రాయించి, కింద సంతకం పెట్టింది కూడా అతనే.

"నడుము పట్టేసిందని ఫోన్ చేసి చెప్పండి. వాళ్ళూ మనుషులేగా."

"కోచ్‌కి నడుము పట్టేసిందంటే ఇంకో నడుము వెతుక్కుంటారు. నన్ను కారెక్కించు చాలు."

"ఎలా ఎక్కించను? మడతమంచంలా ఉంటేనూ!"

ఎలాగో వెనకసీట్లో అడ్డంగా సర్ది, హాలు గుమ్మం దగ్గర దింపి, తన ఆఫీసుకి వెళ్ళిపోయింది.

లోపల పన్నెండుమంది క్రీడాకారులు తెల్లబట్టల్లో, ఉత్తకాళ్ళతో వరసగా నిలబడి ఉన్నారు. మ్యాట్ మీద అడుగుపెట్టగానే వంగి నమస్కరించడం జూడో మర్యాద. గురువు తల ఎత్తేదాకా శిష్యులు ఎత్తకూడదన్నది ఈ కోచ్ పెట్టిన నియమం. బూట్లు గుమ్మంలో వదిలి అతను వంగే వచ్చాడు. పన్నెండుమందీ వంగారు. అవతలి గోడ పట్టుకుని మెల్లగా లేవాలన్నది అతని ఎత్తు. మ్యాట్ మధ్యకొచ్చేసరికి నడుము మళ్ళీ పట్టేసింది.

ఒక నిమిషం గడిచింది. మూడు గడిచాయి.

"అక్కా, మౌనం పాటిస్తున్నామా?" హెవీవెయిట్ అమ్మాయి గుసగుసగా అడిగింది.

"ఎవరు పోయారే?" అంది కెప్టెన్.

"సార్ ఇంతలా వంగేది వాళ్ళ గురువు పెద్దమాస్టారొక్కరికేగా."

సరిగ్గా అప్పుడే, నొప్పికి కోచ్ కళ్ళలో తిరిగిన నీళ్ళు టప్పున మ్యాట్ మీద పడ్డాయి.

"అయ్యో! సార్ ఏడుస్తున్నారు!"

కోచ్‌కి అంతా వినబడుతూనే ఉంది. 'ఆయన బతికే ఉన్నారు' అంటే చాలు. కానీ ఆ వెంటనే 'మరి మీరెందుకు వంగారు?' అంటారు. జవాబు గోడమీద నిషేధించి ఉంది. ఒక ముసలి ప్రాణమా, తన పరువా అని తూచుకున్నాడు. మాస్టారికి ఎలాగూ ఎనభై దాటాయి కదా అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గేసింది. సిగ్గుకి తల దించుకుందామంటే అది ఇదివరకే దిగి ఉంది.

అసిస్టెంట్ కోచ్ గోడమీది పెద్దమాస్టారి ఫోటో తీసి కుర్చీలో పెట్టాడు. కెప్టెన్ వంగినచోటు నుంచే జూడో సంఘం ఆఫీసుకి ఫోన్ కొట్టింది. పదింటికి అధ్యక్షుడు కమిటీతో, నల్లకోటుతో, టీవీ కెమెరాతో సహా దిగాడు.

"ఈ రోజు మన కమిటీలో కూర్చుని సంతకం పెట్టాల్సిన మనిషి!" గొంతు సవరించుకున్నాడు. "మేం ఆయన్ని సరిగ్గా వాడుకోలేదు. అందరి ముందూ ఒప్పుకుంటున్నా. ఆయనే గనక బతికుంటే, ఈ క్షణమే జాతీయ జట్టుని ఆయన చేతిలో పెట్టేవాణ్ణి!"

"అయితే ఎప్పట్నించి రమ్మంటారు?"

గుమ్మంలో పెద్దమాస్టారు. చేతిలో కమిటీ పంపిన ఆహ్వానం.

అధ్యక్షుడు ఫోటో వైపు చూశాడు, మనిషి వైపు చూశాడు, కెమెరా వైపు చూసి నీరుగారిపోయాడు. మాస్టారు మాత్రం చెప్పులు విప్పి, నేరుగా శిష్యుడి దగ్గరకొచ్చి చెవిలో అన్నాడు:

"నీకింత వినయం ఎక్కడిదిరా? నడుమా?"

"కాదు మాస్టారూ."

"పతకం గెలిచిన రోజూ ఇలాగే అన్నావు, భుజం వేలాడేసుకుని."

కాలర్ పట్టుకున్నాడు. తర్వాత ఏం జరిగిందో కెమెరాకే సరిగ్గా తెలియాలి. జాతీయ కోచ్ గాలిలో ఒక చుట్టు తిరిగి ధబ్బున మ్యాట్ మీద పడ్డాడు. నడుములో మళ్ళీ కలుక్కుమంది. ఈసారి సరైన దిక్కుకి. లేచి నిలబడ్డాడు, గడకర్రలా నిటారుగా. పొద్దున్నుంచీ అతను కోరుకున్నది ఇదొక్కటే.

"ఎనభై ఏళ్ళ వయసులో!" అధ్యక్షుడికి ప్రాణం లేచొచ్చింది. "చూశారా? నేను ఊరికే అన్నానా?"

కమిటీ అక్కడికక్కడే సంతకాలు పెట్టేసింది.

"ఇంకేం, అందరూ కొత్త కోచ్‌గారికి నమస్కరించండి!" అన్నాడు అధ్యక్షుడు.

పన్నెండుమందీ వంగారు. అసిస్టెంట్ వంగాడు. నల్లకోటు కూడా వంగింది. ఒక్కడు మాత్రం, తను రాయించిన గోడరాత కిందే, నిటారుగా నిలబడి ఉన్నాడు.

"ఏరా, నువ్వు వంగవా?" అన్నాడు మాస్టారు.

"నడుం నొప్పి మాస్టారూ," అన్నాడతను, హాలంతా వినబడేలా.