నలభై మాటల ఇల్లు

ఇందుమూలముగా ఇంటిల్లిపాదికీ తెలియజేయడమేమనగా, పాపకు మాటలు వస్తున్న శుభసందర్భమున నేటినుంచి ఈ ఇంట ఇంగ్లీషు తప్ప వేరే భాష వినబడరాదు. ఇంగ్లీషు రానివారు మౌనం పాటించవలెను.

ఈ ఉత్తర్వు మా పక్కింటి ఫ్రిజ్ తలుపుకు అతికించి ఉంది. రాసినది పాప తండ్రి, కరెంటాఫీసు గుమాస్తా. 'రానివారు' అన్నది కేవలం గౌరవవాచకం. ఆ ఇంట్లో అలాంటి మనిషి ఒక్కరే, పాప నానమ్మ.

ఆయనకూ, బట్టలు కుట్టే ఆయన భార్యకూ కలిపి నలభై ఇంగ్లీషు మాటలు వచ్చు. ఇద్దరికీ ఉమ్మడిగా వచ్చినవి తీసేస్తే ఇంకా తక్కువే గానీ, అంత లోతుకు పోవడం మర్యాద కాదు. ఆ నలభైలో లేని అలకా, బెంగా, గారాబం ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయాయి. పోట్లాడుకోవడానికి చాలినంత ఇంగ్లీషు లేక మొగుడూ పెళ్ళాలు అన్యోన్యంగా ఉంటున్నారు. వీధికి ఇది మేలే.

పాపకు కమ్, సిట్, ఈట్, నో, గుడ్ బాగా వచ్చాయి. మా కుక్కకు అవి ముందే వచ్చు. పక్కింటావిడ 'కమ్' అంటే పాపకంటే ముందు కుక్కే గోడ దూకి వెళ్ళేది. 'సిట్' అంటే ఇద్దరూ కూర్చునేవారు. ఎటొచ్చీ, కుక్కకు సీటిచ్చే బడి లేదు.

నానమ్మకు పాపే ప్రాణం. ఆవిడ భుజం మీద కబుర్లు వింటే గానీ పాప నిద్రపోయేది కాదు. ఉత్తర్వు వచ్చాక సైగలతోనే జోకొట్టేది. నోరు ఊరుకోక గోడ దగ్గరికొచ్చి మా కుక్కను, "ఏం నాయనా, తిన్నావా?" అని పలకరించేది. అది వెర్రిమొహం వేసేది. పాపం, దానికీ తెలుగు రాదు.

మూడో ఏడు రాగానే పాపను బడికి తీసుకెళ్ళారు. రెండు ప్రశ్నలడిగేసరికి పంతులమ్మ ఇంగ్లీషు అయిపోయింది. తెలుగులోకి దిగి, "నీ పేరేంటమ్మా?" అంది. పాప గోడకేసి చూసింది. పంతులమ్మ లేచి నిలబడి ఉపన్యసించింది. "ఇన్నేళ్ళ సర్వీసులో ఇంత స్వచ్ఛమైన పిల్లని చూళ్ళేదండీ. ఒక్క తెలుగు ముక్క అంటలేదు. మీ కృషి అందరికీ ఆదర్శం కావాలి."

సీటొచ్చిన సంబరంలో పాప ఇంటి గుమ్మం తట్టుకుని పడింది. మోకాలు గీరుకుపోయి ఏడుస్తుంటే తల్లి, "నో, నో, గుడ్" అంది. ఏడ్చే పిల్లను ఊరుకోబెట్టడానికి ఆవిడ దగ్గరున్నది అంతే. నానమ్మ ఉత్తర్వు మరిచిపోయి పరుగెత్తుకొచ్చింది.

"ఎక్కడ తగిలిందిరా నా తల్లీ? నా దగ్గరికి రా."

పాప ఏడుపు ఆపి, వెనక్కి జరిగి, ఆవిడకేసి వేలు చూపించింది.

"నో. సిట్."

నానమ్మ కూర్చుంది. తండ్రి చప్పట్లు కొట్టాడు. గోడ ఇవతలనుంచి నేనూ కొట్టాను. ఆవిడకు ఇంగ్లీషు రాదని ఇన్నాళ్ళూ అనవసరంగా చులకన చేశాం.