మోటారు కాలిన ఇంటికి చుట్టాలెక్కువ

మోటారు అన్నాక కాలాలి! కాలని మోటారు కొనుక్కున్నవాడంత దురదృష్టవంతుడు ఈ కృష్ణా డెల్టాలో మరొకడు ఉండడని బల్లగుద్ది చెప్పగలను.

నవ్వకండి. పంపుసెట్టు మోటారు కాలితే ఏమవుతుంది? చేను ఎండుతుంది, నిజమే. కానీ ఆ పూట మీ గట్టు మీద ఎంతమంది నిలబడ్డారో చూశారా? నిన్నటిదాకా నీళ్ళ వంతు దగ్గర గొడవపడ్డ పక్క చేనాయన సైతం వచ్చి, మోటారు మీద చెయ్యి వేసి జ్వరం చూసినట్టు చూసి, తల అడ్డంగా ఊపుతాడు. మీ పెళ్ళికి రానివాడు మీ మోటారు కాలినప్పుడు వస్తాడు! మనుషులు కలవడానికి ఇంతకన్నా మంచి ముహూర్తం ఏ పంచాంగంలో ఉంది?

అన్ని మోటార్లలోకీ ఉత్తమమైనది బొమ్మ విమానం మోటారు. దాన్ని కాల్చడానికి కరెంటాఫీసు వారి సాయం కూడా అక్కర్లేదు. ఎవరికి వారు ఇంట్లోనే సులువుగా కాల్చుకోవచ్చు. నమ్మకం కుదరకపోతే భవానీపురం శౌరయ్యగారి సంగతి వినండి.

శౌరయ్యగారు కాలవల ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. కాలవ ఎంత వంకర పోయినా ఆయన గీత మాత్రం వంకర పోదు. మొన్నమొన్నటిదాకా హనుమాన్ జంక్షన్‌లో ఉండేవారు. అక్కడ ఆయన ఇల్లు సరిగ్గా బస్సులు ఆగే చోట. ఏలూరు బస్సు తప్పినవాడూ, గుడివాడ బస్సు ఇంకా రానివాడూ అందరూ ఆయన అరుగు మీదే. మంచినీళ్ళడిగినవాడికి భార్య అమలమ్మగారు టీ ఇచ్చేది. టీ తాగినవాడు తన కూతురి సంబంధం సంగతులన్నీ చెప్పి, బస్సు వచ్చినా ఎక్కకుండా మిగతా కథ ముగించి పోయేవాడు.

ఆ ఇంటి నుంచి బదిలీ మీద భవానీపురం కొత్త కాలనీకి వచ్చిపడ్డారు. ఇల్లు బాగుంది, గాలి బాగుంది, కృష్ణ కూతవేటు దూరం. గేటుకు కొత్త గడియ. ఆ గడియ తీసుకుని లోపలికి వచ్చినవాడు పాలవాడు తప్ప మరొకడు లేడు! కాలనీలో అందరూ పెద్దమనుషులే. ఎదురైతే తలాడిస్తారు. తలాడించి ఎవరి గేటు వారు వేసుకుంటారు.

సాయంత్రం కాగానే మొగుడూపెళ్ళాలు వరండాలో రెండు కుర్చీల్లో కూర్చునేవారు. జంక్షన్ నుంచి తెచ్చిన మిగతా కుర్చీలు ఎదురుగా ఖాళీగా ఉండేవి. ఒకనాడు అమలమ్మగారు పాలు సగానికి తగ్గించమని పాలవాడితో చెప్పింది. ఆ మాట లోపలి నుంచి విన్న శౌరయ్యగారికి అన్నం సహించలేదు. పదిమంది మధ్య పెరిగిన మనిషిని తెచ్చి గోడల మధ్య కూర్చోబెట్టానే అని ఆయన దిగులు. కానీ మొగుడన్నవాడు ఏం చేస్తాడు? దారినపోయేవాళ్ళను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి కూర్చోబెట్టలేడు కదా!

అలాంటి రోజుల్లో అమలమ్మగారి తమ్ముడు ఆమోసు వచ్చాడు. ఓడలో వంటవాడు. అక్కకు చీర తెచ్చాడు, బావకు జపాను నుంచి ఒక పెట్టె తెచ్చాడు. పెట్టెలో దూది కన్నా కాస్త బరువైన చెక్క, బొటనవేలంత మోటారు, దాని మూతికి తగిలించే ఫ్యాను రెక్క ఉన్నాయి. కాగితం జపాను భాషలో ఉంది గానీ బొమ్మలు మనందరి భాషలోనే ఉన్నాయి. నాలుగు టార్చిలైటు బ్యాటరీలు, ఒక తీగ, ఒక గుంజ, గుంజ చుట్టూ ఎగురుతున్న విమానం. అంతే!

శౌరయ్యగారు దాన్ని ఆఫీసు పటం కన్నా శ్రద్ధగా అతికించారు. పెరట్లో గుంజ పాతారు. కట్టు తెంచుకున్న దూడలా కాక, విమానం బుద్ధిగా గుంజ చుట్టూ తిరగాలని దారమూ తీగా సరిచూసి కట్టారు. బ్యాటరీలు తగిలించగానే అది తుమ్మెదలా మోగి, నేల విడిచి, బట్టలారేసే తీగె ఎత్తుకు లేచింది. అమలమ్మగారు చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. అంతలో కృష్ణ మీది నుంచి గాలి ఒక్క తోపు తోసింది. విమానం వెళ్ళి ముక్కు నేరుగా బట్టలుతికే బండకు పెట్టింది.

ముక్కు పగలలేదు. మోటారు కడ్డీ మాత్రం కాస్త వంగింది. ఇక్కడ జాగ్రత్తగా వినండి, ఇది చదువుకున్న విషయం. కడ్డీ వంగిన మోటారును తిప్పితే అది ఈడ్చుకుంటూ తిరుగుతుంది, వేడెక్కుతుంది, చివరికి కాలుతుంది. కడ్డీ తిన్నగా చేశాకే మళ్ళీ తిప్పాలి. ఈ సంగతి శౌరయ్యగారికి క్షుణ్ణంగా తెలుసు. పట్టకారుతో సుమారుగా సరిచేసి, ఎలా ఉందో చూద్దామని ఒకసారి తీగ తగిలించారు. మోటారు మూలిగింది.

ఆ మూలుగుకు గోడ అవతల ఒక తల లేచింది!

ఆ తల వెంకటప్పయ్యగారిది. కంకిపాడులో మాగాణి, బెజవాడలో ఎరువుల కొట్టు, ఈ కాలనీలో మేడ. అన్నాళ్ళుగా పక్కింట్లోనే ఉండి కూడా శౌరయ్యగారి పేరేమిటో అడగని మనిషి. ఆయన గబగబా చుట్టూ తిరిగి వచ్చి, గేటు గడియ తీసుకుని, లోపలికి వచ్చి, మోటారు దగ్గర చెవి పెట్టి కళ్ళు మూసుకున్నాడు.

"లో వోల్టేజీ అండీ," అన్నాడు.

వెంకటప్పయ్యగారిని తప్పు పట్టకండి. డెల్టాలో పుట్టినవాడికి మోటారు జబ్బు ఒక్కటే. ఊడ్పుల రోజుల్లో ఊరంతా ఒకేసారి పంపులు వేస్తే కరెంటు నీరసించిపోతుంది. మోటారు సరిగ్గా ఇలాగే మూలుగుతుంది, తరువాత కాలిపోతుంది. ఉగ్గుపాలతో నేర్చిన విద్య అది! మోటారు మూలిగిందంటే దానికి కరెంటు చాలలేదు, అంతే. అది బోరింగు మీద ఉన్నా, బొమ్మ మూతికి ఉన్నా.

కడ్డీ వంగిందండీ అని చెప్పడానికి శౌరయ్యగారు నోరు తెరిచారు. అప్పటికే అమలమ్మగారు టీ పట్టుకొచ్చింది. వెంకటప్పయ్యగారు ఖాళీ కుర్చీల్లో ఒకదాంట్లో కూర్చున్నాడు! కంకిపాడులో నిరుడు తన మోటారు ఎలా కాలిందో మొదలుపెట్టాడు. అమలమ్మగారు గుమ్మానికి ఆనుకుని, కొంగు నోటికడ్డం పెట్టుకుని, కళ్ళింత చేసుకుని వింటోంది. మీరు పొరబడ్డారని ఇప్పుడు చెబితే ఆయన లేచిపోడూ? శౌరయ్యగారు తెరిచిన నోరు మూసుకున్నారు.

మర్నాడు రిక్షాలో ట్రాక్టరు బ్యాటరీ దిగింది. బొటనవేలంత మోటారుకు ట్రాక్టరు బ్యాటరీ! పసిపిల్లకు బస్తా బియ్యం వండిపెట్టినట్టు. శౌరయ్యగారు తీగ వెనక్కి తీయబోయారు గానీ వెంకటప్పయ్యగారు పక్కనే నిలబడి ఉన్నాడు. తగిలించారు.

ఆహా! ఆ మోటారు జన్మకు ఒక్కసారి ఎలా పాడిందనుకున్నారు! విమానం కంటికి ఆనలేదు. అమలమ్మగారు తలుపు వెనక్కి, వెంకటప్పయ్యగారు తులసికోట లేని ఆ పెరట్లో అరటిచెట్టు వెనక్కి పరుగెత్తారు. కళ్ళు తెరిచేసరికి నీలంగా పొగ, వార్నీషు కాలిన వాసన.

ఆ వాసన భవానీపురం అంతా పరుచుకుంది. దానితోపాటే జనం వచ్చారు. గేటు గడియ పడే ప్రశ్నే లేదు. ఎవరిల్లో తగలబడిందనుకుని వచ్చినవాళ్ళు మోటారేనని తెలిసి నిరాశపడ్డారా? లేదు! అందరికీ మోటార్లు తెలుసు. అందరి మోటార్లూ ఎప్పుడో ఒకప్పుడు కాలాయి. కుర్చీలు చాలక చాపలు పరిచారు.

కాలిన మోటారు స్థానంలో ఏది పెట్టాలన్నది ఆనాటి నుంచి కాలనీ సమస్య అయింది. అయిదు హార్సుపవరుకు తగ్గకూడదని ఒకాయన, విమానం కనుక పది ఉండాలని మరొకాయన. ముందు రీవైండింగు చేయిద్దామని అందరూ ఒప్పుకున్నారు. కంకిపాడులో పంపుసెట్లకు తీగ చుట్టే మాణిక్యాన్ని పిలిపించారు. అతను చేతికొచ్చిన రాగితీగతో, ప్రాణం పెట్టి, ఇక ఏడు తరాలు కాలకుండా చుట్టాడు. చుట్టాక అది దాని డబ్బాలో పట్టలేదు.

పై వీధి సుబ్బరత్నంగారు తన టేపురికార్డరు మోటారు ఊడదీసి పట్టుకొచ్చింది. వాళ్ళాయనకు పాటలంటే పడదట. అది నెమ్మదైన మోటారు. ఫ్యాను రెక్క తిరిగితే అమలమ్మగారికి చల్లగా ఉంది గానీ విమానం కదల్లేదు. ఇలా కాదని వెంకటప్పయ్యగారు ఆటోనగర్ వెళ్ళి లారీ వైపరు మోటారు తెచ్చాడు. అది విమానం కన్నా బరువు. దాన్ని మోసుకుంటూ ఆ విమానం గుంజ చుట్టూ నేల మీదే, గానుగెద్దులా, తల వంచుకుని తిరిగింది. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. అందరికన్నా పైగా అమలమ్మగారి నవ్వు వినిపించింది.

శౌరయ్యగారు ఆ నవ్వు హనుమాన్ జంక్షన్ వదిలాక మళ్ళీ అప్పుడే విన్నారు. ఆ వారం పాలు మళ్ళీ పెరిగాయి.

కనుక కొత్తగా విమానాలు ఎగరేయబోయే సోదరులారా! ఏ మోటారు కొనాలని నన్ను అడిగితే ఒకటే చెబుతాను. త్వరగా కాలేది కొనండి. గట్టిది కొని చెడిపోకండి!

చెడిపోవడం అంటే ఏమిటో కూడా చెప్పాలి కదా. ఆమోసు రేవులో ఉండగా అక్క రాసిన ఉత్తరం అందుకుని, అసలు జపాను మోటార్లే రెండు పార్సెల్ చేశాడు. శౌరయ్యగారు ఎంతైనా పనిమంతుడు. చేతికి సరైన మోటారు వచ్చాక తప్పుగా బిగించడం ఆయన వల్ల కాలేదు. కడ్డీ తిన్నగా ఉందో లేదో చూసుకుని, బండ పక్కకు దొర్లించి, టార్చి బ్యాటరీలు నాలుగే తగిలించారు.

విమానం ఎగిరింది. తూనీగలా, తొణక్కుండా, నేర్చినదానిలా ఎగిరింది. సాయంత్రపు ఎండ రెక్క మీద పడి మెరుస్తుంటే శౌరయ్యగారికి కళ్ళు చెమర్చాయి. కాలనీ అంతా చప్పట్లు కొట్టింది. విమానం మళ్ళీ తిరిగింది. మళ్ళీ తిరిగింది. వెంకటప్పయ్యగారు చాలాసేపు ఆశగా చూశాడు.

"ఇంతేనా అండీ?" అన్నాడు చివరికి.

"ఎగురుతోంది కదండీ," అన్నారు శౌరయ్యగారు.

"ఎగురుతోందనుకోండి," అని ఆయన కండువా దులుపుకుని లేచాడు. ఆయన వెనకే అందరూ లేచారు. బాగున్నదాని దగ్గర ఎవరికైనా ఏం పని ఉంటుంది చెప్పండి? సలహా ఇవ్వడానికి లేదు, జాలిపడడానికి లేదు, మా ఊళ్ళో అయితేనా అనడానికి అసలే లేదు. వెళుతూ వెళుతూ ఎవరో మర్యాదగా గేటు గడియ వేశారు.

మర్నాడు అమలమ్మగారు అలవాటు కొద్దీ పెద్ద గిన్నెతో టీ పెట్టింది. ఎవరూ రాలేదు. ఆ తరువాతా రాలేదు. విమానం పెరట్లో చక్కగా ఎగురుతూనే ఉంది. కుర్చీలు ఎదురుగా చక్కగా ఖాళీగా ఉన్నాయి. వెంకటప్పయ్యగారు గోడ అవతల మొక్కలకు నీళ్ళు పోసుకుంటూ కనిపించి, తలాడించి, లోపలికి వెళ్ళిపోయాడు.

ఒక సాయంత్రం చల్లారిన టీ మొక్కల్లో పారబోసి వచ్చి, అమలమ్మగారు వరండా మూలకు చూసింది. అక్కడ ట్రాక్టరు బ్యాటరీ ఉంది. వెంకటప్పయ్యగారు తీసుకెళ్ళడం మరిచిపోయిన బ్యాటరీ.

"తమ్ముడు మోటార్లు రెండు పంపాడు కదండీ," అంది.

శౌరయ్యగారు భార్య ముఖంలోకి చూశారు. లేచి వెళ్ళి, ఇంత మంచి మోటారును ఒకసారి వేలితో నిమిరి, టార్చి బ్యాటరీలు పక్కన పెట్టారు. ట్రాక్టరు బ్యాటరీ తీగ చివర్లు అమలమ్మగారే అందించింది.

పొగ ఇంకా గోడ దాటనైనా దాటలేదు, గేటు గడియ చప్పుడైంది. వెంకటప్పయ్యగారి ముఖం పండగలా వెలిగిపోతోంది.

"నేను ముందే చెప్పలేదూ? లో వోల్టేజీ అండీ!"

"అలాగే ఉందండీ," అన్నారు శౌరయ్యగారు కుర్చీ జరుపుతూ. "కూర్చోండి."

ఇదీ మోటారు మహిమ. మా ఇంట్లో ఫ్యాను మాత్రం, నా ఖర్మ కొద్దీ, చాలా మంచిది. కొన్న నాటి నుంచి ఒక్కసారి కిర్రుమని ఎరగదు. దాని కిందే ఒక్కణ్ణీ కూర్చుని ఇదంతా రాస్తున్నాను. ఫ్యాను త్వరగా పాడయ్యే ఉపాయం మీలో ఎవరికైనా తెలిస్తే దయచేసి కార్డు రాయకండి. ఇంటికి వచ్చి చెప్పండి. టీ పెట్టిస్తాను.