మంత్రిగారి టూరూ, బాక్సులో బొమ్మా

ఇకమీదట శిబిరంలో ఏ పసిబిడ్డా చనిపోరాదని కమాండర్ గారు ఉత్తర్వు జారీ చేశారు.

ఉత్తర్వు ఒకటో తారీఖు నుంచి అమల్లోకి వస్తుంది. ఏడాదిలోపు వయసున్న వారందరికీ, తండ్రి ర్యాంకుతో నిమిత్తం లేకుండా వర్తిస్తుంది. ఉల్లంఘించినవారిపై కఠిన చర్య తీసుకోబడుతుంది. టైపు చేసి, సంతకం పెట్టి, గుండ్రటి స్టాంపు వేసిన ఆ కాగితాన్ని ఫ్యామిలీ ఆసుపత్రిలో ప్రసూతి గది తలుపుకి అతికించారు. పెద్దపెద్ద డాక్టర్లు ఏళ్ళ తరబడి తలలు బద్దలు కొట్టుకుంటున్న సమస్యని ఒక్క సంతకంతో తేల్చేసిన మనిషిని పెద్ద సిస్టరు తన ఇరవై రెండేళ్ళ సర్వీసులో చూడలేదు.

ఆ ఆసుపత్రిలో ఒకప్పుడు ఇద్దరు సిస్టర్లు ఉండేవారు. చిన్న సిస్టరు బదిలీ అయి మూడేళ్ళయింది. ఆమె స్థానంలో ఎవరూ రాలేదు గానీ, ఉన్న ఒక్కామె మాత్రం పెద్ద సిస్టరుగానే ఉండిపోయింది. డాక్టరు గారు మూడు శిబిరాలకి ఒక్కరే కాబట్టి మంగళవారాలు మాత్రం వస్తారు. ఆ సంగతి తెలిసిన జబ్బులు మంగళవారం దాకా ఓపిక పట్టేవి. తెలియనివి సిస్టరు నెత్తిన పడేవి.

ఉత్తర్వు ఊరికే పుట్టలేదు. కిందటేడు శిబిరంలో పదకొండు మంది పసివాళ్ళు పోయారు. ఒక పత్రిక రాసింది. సభలో ఎవరో అడిగారు. సైనిక కుటుంబాల సంక్షేమ మంత్రిగారు వెంటనే స్పందించి, తొమ్మిది శిబిరాలనూ స్వయంగా చూస్తానని ప్రకటించారు. మొదటిది ఈ శిబిరమే.

కమాండర్ గారు సిస్టర్ని పిలిపించారు.

"పోయినేడు పదకొండు మంది ఎందుకు పోయారో, కారణాలు రాసివ్వండి సిస్టర్."

సిస్టరు రెండు పేజీలు రాసింది. తండ్రి సరిహద్దులో ఉండటం. ఏడాదికోసారి బదిలీ. నెలలు నిండిన మనిషి ట్రంకుపెట్టెలు తనే మోసుకోవడం. ఇంట్లో చెప్పేందుకు ఒక పెద్ద దిక్కు లేకపోవడం. క్వార్టర్ల గోడలకి చెమ్మ. పట్నం ఆసుపత్రి నాలుగు గంటల దూరం. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డని వెచ్చగా పెట్టే ఇంక్యుబేటరు, అంటే అందరూ బాక్సు అనేది, శిబిరంలో ఒక్కటి కూడా లేకపోవడం.

కమాండర్ గారు నిలబడే చదివారు.

"ఇవి కారణాలు కావు సిస్టర్. కంప్లెయింట్లు."

"మరి కారణాలంటే ఏంటి సర్?"

"పోయినవాళ్ళు ఏం తప్పు చేశారో, అది."

మర్నాటికి రిపోర్టు తయారైంది. అందులో ముఖ్యమైన రిస్కు ఫ్యాక్టర్లు మూడే మూడు. నిర్ణీత తేదీకి ముందే రిపోర్టు చేయడం. తగిన బరువు లేకుండా హాజరు కావడం. ఊపిరి తీసుకోవడంలో అశ్రద్ధ. మొత్తం మీద శిశువుల్లో క్రమశిక్షణ లోపించిందని తేల్చారు. ఇంత సూటిగా రాసిన రిపోర్టు ఇదే మొదటిదని హెడ్‌క్వార్టర్సు నుంచి ప్రశంస కూడా వచ్చింది.

ప్రశంస వెంటే ఒక లారీ వచ్చింది. అందులోంచి నలుగురు జవాన్లు కొత్త బాక్సుని దింపారు. గాజు మూత, మెరిసే మీటర్లు, చుట్టూ ఎర్ర రిబ్బను. సిస్టరుకి కళ్ళు చెమర్చాయి. ఇరవై రెండేళ్ళుగా అడుగుతున్నది గుమ్మంలోకి వచ్చిందనుకుంది పిచ్చి మనిషి. లారీతో వచ్చిన స్టోరు కీపరు ఆ ముచ్చట ఎంతోసేపు ఉండనివ్వలేదు.

"ముట్టుకోకండి సిస్టర్. ఇది డిస్‌ప్లే. రిబ్బను మంత్రిగారు కట్ చేయాలి. అప్పటిదాకా ఆన్‌లో ఉంచాలి, లైట్లు వెలుగుతుండాలి, లోపల ఈ బొమ్మ ఉండాలి." రబ్బరు బొమ్మ ఒకటి బాక్సులో పడుకోబెట్టి సంతకం చేయించుకున్నాడు.

"బిడ్డ ఎవరైనా పుడితే?"

"బిడ్డకేం, పుట్టొచ్చు. డిస్‌ప్లేలో మాత్రం పెట్టకూడదు."

రెండు రోజులు తిరక్కుండానే ఒక డ్రైవరు భార్యకి నొప్పులొచ్చాయి. ఏడో నెల. మొగుడు ఆర్మీ లారీ డ్రైవరు. బదిలీ మీద ఇక్కడికొచ్చి మూడు వారాలు కాకముందే అతన్ని సరిహద్దుకి పంపేశారు. ఇల్లు సర్దుతూ ఆ పిల్ల ఒక్కతే మంచం జరిపింది. సాయంత్రానికి ఆడపిల్ల పుట్టింది. తూస్తే కిలో రెండొందలు. రిపోర్టు ప్రకారం చూస్తే మొదటి రెండు నేరాలూ అప్పటికే చేసేసింది. మూడోది చేయబోతున్నట్టుంది, పెదాలు నీలం తిరుగుతున్నాయి.

సిస్టరు అంబులెన్సు కోసం ఫోను చేసింది.

"అంబులెన్సుకి పెయింటు వేశాం సిస్టర్, మంత్రిగారొస్తున్నారని. తడి ఆరలేదు. ఎల్లుండి పంపమంటారా?"

"అక్కా, ఏదో ఒకటి చెయ్యక్కా," అంది డ్రైవరు భార్య, లేవలేక మోచేతి మీద వాలి. "వాళ్ళ నాన్న దీని మొహం కూడా చూళ్ళేదు."

సిస్టరు తలుపు గడియ పెట్టింది. రిబ్బను చెదరకుండా మూత కింద సందు చేసి, బొమ్మని లాగేసి, బిడ్డని లోపల పెట్టింది. ముక్కులో సన్నటి గొట్టం వేసి, తల్లిపాలు చుక్కచుక్కగా వదిలింది. బొమ్మని తీసుకెళ్ళి బీరువాలో తన చీరల కింద దాచింది. మూడు రోజుల తర్వాత మంత్రిగారు వచ్చేసరికి పిల్ల గులాబీ రంగుకి తిరిగింది.

మంత్రిగారు చప్పట్ల మధ్య రిబ్బను కత్తిరించి, గాజులోంచి వంగి చూశారు. బొమ్మ ఆవులించింది.

కమాండర్ గారు సిస్టరు చెవి దగ్గరికి వంగారు. "సిస్టర్, బొమ్మ ఆవులించిందా?"

"బ్యాటరీ సర్."

మంత్రిగారు నోరెళ్ళబెట్టారు. "ఊపిరి కూడా పీలుస్తోందే!"

"లేటెస్టు టెక్నాలజీ సార్," అన్నారు కమాండర్ గారు. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. "మా శిబిరంలో బొమ్మలు కూడా క్రమశిక్షణతో పీలుస్తాయి."

మంత్రిగారు పొంగిపోయారు. ఇలాంటి సదుపాయం అన్ని శిబిరాల్లోనూ ఉందా అని అడిగారు. అన్నింటిలోనూ ఉందన్నారు కమాండర్ గారు. తొమ్మిది చోట్లా చూసి ఆనందిస్తానన్నారు మంత్రిగారు. కాన్వాయ్ గేటు దాటిందో లేదో స్టోరు కీపరు నలుగురు జవాన్లతో ప్రత్యక్షమయ్యాడు.

"బాక్సు ఎత్తండి. గురువారం రెండో శిబిరంలో ఉండాలి."

అప్పుడర్థమైంది సిస్టరుకి. తొమ్మిది శిబిరాలకీ కలిపి ఉన్నది ఈ ఒక్క బాక్సే. మంత్రిగారు కారులో వెళితే అది ముందుగానే లారీలో వెళుతుంది. ఆమె తిన్నగా కమాండర్ గారి ఆఫీసుకి వెళ్ళింది.

"సర్, ఆ బొమ్మ చాలా సున్నితం. ఆపరేటరు లేకపోతే ఆవులించదు. పక్క శిబిరంలో మంత్రిగారు అడిగితే?"

కమాండర్ గారు ఆమె మొహంలోకి చాలాసేపు చూశారు. ఆయనకి ముగ్గురు పిల్లలు. తర్వాత కలం తీసుకుని, ఒక బొమ్మ ఆపరేటరు, ఒక హెల్పరు, లారీలో నిరంతరం నడిచే జనరేటరు అని మూవ్‌మెంటు ఆర్డరు రాసిచ్చారు.

"నేనేం చూడలేదు సిస్టర్," అన్నారు తల ఎత్తకుండా.

హెల్పరు ఖాకీ కోటు డ్రైవరు భార్యకి మోకాళ్ళ దాకా వచ్చింది. చెక్‌పోస్టు దగ్గర స్టోరు కీపరు ఆమె చేతిలో సీసా చూసి ఆపాడు.

"తెల్లగా ఉంది, ఏంటిది?"

"బొమ్మకి వేసే ఆయిలు," అంది సిస్టరు.

"ఎన్నిసార్లు వెయ్యాలి?"

"రెండు గంటలకోసారి."

"ఇంత ఆయిలు మా లారీ కూడా తాగదు," అని రిజిస్టర్లో రాసుకున్నాడు.

దేశంలో ఏ బిడ్డకీ దక్కని రాజభోగం ఆ పిల్లకి దక్కింది. జనరేటరు ఒకటి నడుస్తుంటే ఇంకొకటి సిద్ధంగా ఉండేది. దారిలో గుంతలు ఉండకూడదని ముందురోజే పూడ్చేవారు. ప్రతి శిబిరంలోనూ కొత్త రిబ్బను, కొత్త చప్పట్లు, అదే మంత్రిగారు. నాలుగో శిబిరంలో ఆయనకి చిన్న అనుమానం వచ్చింది.

"ఈ బొమ్మ మొదటిదానికన్నా ఒళ్ళు చేసినట్టుందే?"

"మా శిబిరంలో అభివృద్ధి ఎక్కువ సార్," అన్నాడు అక్కడి కమాండరు ఏమాత్రం తడుముకోకుండా.

ఆరో శిబిరం సరిహద్దులో ఉంది. అక్కడ బాక్సుకి కాపలా వేసిన జవాను లారీ వెనక చెక్క దించి, లోపల కూర్చున్న హెల్పరుని చూసి కొయ్యబారిపోయాడు.

"నువ్వా! ఇక్కడేంటి?"

"డ్యూటీ."

"మరి... మన..." అతని చూపు ఆమె పొట్ట మీదికి వెళ్ళి ఆగింది.

"బాక్సులో బొమ్మ ఉంది, చూడు," అంది ఆమె.

ఆమె మొగుడు డ్రైవరు గాజు మీద వాలి చూశాడు. చూస్తూనే ఉండిపోయాడు. "ముక్కు మా అమ్మదే," అన్నాడు చివరికి.

"గొంతు కూడా."

కాసేపటికి మంత్రిగారు వచ్చారు. డ్రైవరు బూటు చప్పుడయ్యేలా సెల్యూటు కొట్టాడు. మంత్రిగారు మాత్రం అతనికి ఎడమ పక్కన ఉన్నారు. అతను బాక్సు వైపు తిరిగి ఉన్నాడు. బుగ్గల మీద కన్నీళ్ళు కారుతున్నా చెయ్యి దించలేదు. ఈ జవాన్ల దేశభక్తి చూస్తే తనకి మాటలు రావడం లేదని మంత్రిగారు అరగంట మాట్లాడారు.

తొమ్మిదో శిబిరంలో ఆయన ఉపన్యాసం మంచి ఊపు మీద ఉండగా బొమ్మ కెవ్వుమంది. సభ మొత్తం కొయ్యబొమ్మయింది. మంత్రిగారు సిస్టరు వైపు చూశారు.

"కొత్తగా సౌండు కూడా పెట్టించాం సార్," అంది సిస్టరు.

చప్పట్లు ఆగలేదు. ఆ సాయంత్రమే పిల్లని తూస్తే రెండు కిలోల పైమాట. సిస్టరు తన చీరల మధ్య చుట్టి వెంట తెచ్చుకున్న రబ్బరు బొమ్మని మళ్ళీ బాక్సులో పెట్టేసింది. డ్రైవరు భార్య బిడ్డని కోటు లోపల గుండెకి హత్తుకుని, ఏ రిజిస్టర్లోనూ సంతకం పెట్టకుండా గేటు దాటింది. సిస్టరుకి అంత సంతోషం తన జన్మలో కలగలేదు.

ఆ సంతోషం తమ శిబిరానికి చేరేదాకానే. ఆమె లేని ముప్ఫై ఆరు రోజుల్లో ఇద్దరు పసివాళ్ళు పోయారు. ఒకడికి జ్వరం బుధవారం వచ్చింది. ఇంకొకతె ముందే పుట్టింది. పక్కింటివాళ్ళు ఏడుస్తూ చెబితే సిస్టరు మరణాల రిజిస్టరు తెరిచింది. ఖాళీగా ఉంది. రిజిస్టరు రాయాల్సింది పెద్ద సిస్టరు, ఆమె టూరులో ఉంది. రాయలేదు కాబట్టి పోలేదు. ఒక్క పిల్ల కోసం ఇద్దరిని వదిలేసి వెళ్ళానని సిస్టరు ఆ రిజిస్టరు మీద తలపెట్టి ఏడ్చింది. తర్వాత ఆ ఇద్దరి వివరాలూ రాసి పంపింది. గడువు దాటిన ఎంట్రీలు చెల్లవని కాగితం వాపసు వచ్చింది.

ఆ వారమే మంత్రిగారు పత్రికలవారిని పిలిచారు. తొమ్మిది శిబిరాల్లో తొమ్మిది బాక్సులు స్వయంగా చూశాననీ, తన పర్యటన కాలంలో ఎక్కడా ఒక్క శిశుమరణం లేదనీ, ఇన్ని బాక్సులుండగా కొత్తవి కొనడం ప్రజాధనం దుర్వినియోగమేననీ ప్రకటించారు. కమాండర్ గారికి పతకం వచ్చింది. బాక్సుని హెడ్‌క్వార్టర్సు హాల్లో, సందర్శకులు చూడటానికి, మరో పెద్ద గాజుపెట్టెలో పెట్టారు.

పతకం వచ్చిన మూడో రోజు ఉదయం పదకొండింటికి, మెస్సులో పనిచేసే వంటవాడి భార్యకి నొప్పులు మొదలయ్యాయి. ఏడో నెల. ఆ రోజు శుక్రవారం. డాక్టరు గారు లేరు, అంబులెన్సు పెరేడ్‌లో ఉంది. సిస్టరు చేతులు కడుక్కుని, వేడినీళ్ళు పెట్టి, ఒక్క క్షణం ఆలోచించి, తిన్నగా మంత్రిగారి ఆఫీసుకే ఫోను చేసింది. అవతల సెక్రటరీ ఎత్తాడు.

"మంత్రిగారి టూరు మళ్ళీ ఎప్పుడండీ, మా శిబిరానికి?"

"ఎందుకమ్మా?"

"ఇక్కడ బిడ్డ పుట్టబోతోందండీ."

"చాలా సంతోషం. ఎప్పుడు?"

"ఇప్పుడే."

అవతల డైరీ పేజీలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. ఆ సెక్రటరీ మంచివాడు. విసుక్కోకుండా, ఒక్కో నెలా శ్రద్ధగా వెతికాడు.

"ఇప్పుడంటే కుదరదమ్మా. ఫిబ్రవరి పద్దెనిమిది, పొద్దున్న పదిన్నరకి ఖాళీ ఉంది. రాసుకోమంటారా?"

లోపలి గదిలోంచి వంటవాడి భార్య "అక్కా!" అని కేకేసింది.