తాజా మెమరీ

ఆ ఉదయం రత్నం పెట్టుకున్న పని చాలా చిన్నది. వైజాగ్ నుంచి ఈ దీవులకొచ్చే ఓడ దిగే బావమరిది అసిరయ్య దగ్గర మెమరీ ముక్క తీసుకోవడం, పాత కంప్యూటర్ మూత విప్పి బిగించడం, తర్వాత తీరిగ్గా టీ తాగడం. మర్నాడు భార్య గౌతమికి తెలుగు టీచర్ ఉద్యోగానికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. పాఠం తెర మీద చూపిస్తూ చెప్పాలట. ఇంట్లో కంప్యూటరేమో వీడియో పెడితే చాలు, బిగుసుకుపోతోంది. "ఎవరైనా మెకానిక్‌ని పిలవండి" అని గౌతమి మొత్తుకుంది. "డైరీ ఫార్మ్ పేటలో పెయింట్ల కొట్టు నడిపేవాణ్ణి, నాలుగు మరలు విప్పలేనా?" అని రత్నం మీసం తిప్పాడు.

తిప్పిన మీసం దిగడానికి ఎంతోసేపు పట్టలేదు. ముక్క స్లాటులోకి దిగనంటే దిగనంది. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, దేవుడికి దణ్ణం పెట్టుకుని నొక్కాడు. అప్పుడు లేబుల్ చూశాడు. తనకు కావాల్సింది డీడీఆర్ త్రీ రకం. చేతిలో ఉన్నది డీడీఆర్ ఫైవ్.

"బావా, త్రీ అని వాయిస్ మెసేజ్ పెట్టాను కదయ్యా!" అన్నాడు, పక్కనే కూర్చున్న అసిరయ్యతో.

"పెట్టావు బావా. కొట్టోడు అదే ఇచ్చాడు. పాత సరుకని తెలిసి నేనే తిట్టి ఎనక్కిచ్చేసినాను." చేపల వ్యాపారి అసిరయ్య ఛాతీ విరిచాడు. "నిన్నటి చేప ముట్టుకోనోణ్ణి, మా చెల్లికి పాత సరుకు తెత్తానేటి? కొట్లో అన్నిటికన్నా తాజాది ఇయ్యమన్నాను!"

అంత ప్రేమ పొంగిపోతుంటే తిట్టడానికి నోరెలా వస్తుంది? రత్నం ఊళ్ళో షాపులన్నీ తిరిగాడు. "అంత పురానా మాల్ ఎవరు పెడతారు భయ్యా? ఓడలో తెప్పించాలి" అన్నారు. ఓడ వచ్చేలోగా ఉద్యోగం ఇంకెవరికో పోతుంది. చివరికి ఫోన్లో తెలుగువాళ్ళ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాడు: "ఎవరింట్లోనైనా పాత కంప్యూటర్ మూలపడి ఉంటే అర్జెంటుగా పంపండి. లోపలి మెమరీ నాకు సరిపోతుందేమో చూసుకుని తిరిగిచ్చేస్తాను."

జనం మొదటి ముక్క విని ఆపేశారు. మరి దీవుల్లో పాడైన సామాను వదిలించుకోవడమంటే మాటలా? మళ్ళీ దాన్ని ఓడెక్కించే పుణ్యాత్ముడు దొరకాలి! ఆ పుణ్యాత్ముడు రత్నమేనని ఊరంతా నమ్మేసింది. అవతలి ఒడ్డు బాంబూఫ్లాట్ నుంచి ఫెర్రీలో చాతం రేవు దాకా, అక్కణ్ణుంచి ఆటోల్లో కంప్యూటర్లు దిగాయి. గ్రూపులోని పోలిరాజు ఏకంగా టెంపో నిండా తెచ్చి, దింపేసి చేతులు జోడించాడు. పక్కింటి గురువమ్మ గడపలోంచి, "మిక్సీ కూడా తీసుకుంటావా బాబూ?" అనడిగింది.

"వద్దమ్మా!" అనేలోపే మిక్సీ బల్ల మీదుంది.

రత్నం ఒక్కోటీ విప్పుకుంటూ పోయాడు. కొన్నిట్లో మెమరీ తనదానికన్నా ముసలిది. కొన్నిట్లో అసలు లేదు. ఒకదాంట్లో బల్లి కాపురం పెట్టింది. హాలు గోడ కనబడకుండా పెట్టెలు పేరుకుపోయాయి.

"పిల్లాణ్ణి చూసుకుంటూ, వంట చేసుకుంటూ ఈ ఉద్యోగం కోసం చదివానండీ," అంది గౌతమి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ. "నాకు ఏడుపొస్తోంది. మిమ్మల్ని కొట్టాలని కూడా ఉంది."

రత్నం తల వంచుకుని ఇంకో పెట్టె మూత విప్పాడు.

మర్నాడు ఆ పాత కంప్యూటర్ ముందే ఆమె కూర్చుంది. నమస్కారం చెప్పింది. పద్యం మొదటి పాదం అందుకోగానే తెర బిగుసుకుపోయింది. రత్నం స్క్రూడ్రైవర్ పళ్ళ మధ్య పెట్టుకుని వెనకనుంచి పరిగెత్తుకొచ్చాడు. అవతలివాళ్ళకు కనిపించిన ఆఖరి బొమ్మ అదే: నోరు తెరిచిన గౌతమి, వెనక కంప్యూటర్ల గోడ, మధ్యలో రత్నం. ఆ తర్వాత ఏం చేసినా అది కదల్లేదు. గౌతమి ఆ రోజంతా మొగుడితో మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున్నే ఫోన్ మోగింది. ప్రిన్సిపాల్.

"మేడం, మీ పాఠం మాకు వినబడలేదు. మీ ఇంట్లో ల్యాబ్ మాత్రం కమిటీ అంతా చూసింది. తెలుగు టీచర్లు ఇంకా ఇద్దరు వచ్చారు గానీ, కంప్యూటర్లు తెలిసిన తెలుగు టీచర్ మీరొక్కరే. మా కంప్యూటర్ గది మూతపడి చాలా కాలమైంది. తెలుగుతో పాటు అది కూడా చూసుకుంటారా?"

గౌతమి ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి, ఒక రోజు మౌనాన్ని పక్కనబెట్టి మొగుడి వైపు తిరిగింది.

"ఉద్యోగం ఇస్తామంటున్నారండీ! చేరతానని చెప్పెయ్యనా?"

రత్నం పెట్టెల గుట్ట కేసి ఓసారి చూశాడు.

"ముందు వాళ్ళవి ఏ రకం మెమరీయో కనుక్కో."