సోఫా అత్త అప్రెంటిస్‌గిరీ

నేర్చుకునేవారు తమకు పని రాదనీ, నేర్పేవారు తమకు పని వచ్చనీ విడివిడిగా రుజువు చేసుకున్న తరువాతే పని మొదలుపెట్టాలన్నది నాగరిక సమాజానికి ఉండవలసిన కనీస లక్షణం. ఈ లక్షణంలో మా పట్టణం అందరికంటే ముందుంది. ఎంత ముందుందంటే, వెనక్కి తిరిగి చూస్తే పని కనబడదు.

ఇందుకు నిదర్శనంగా మా వీధిలో జరిగిన ఒక విజయగాథను పాఠకుల ముందుంచుతున్నాను. (విజయగాథ అన్న మాట నాది కాదు, యువ అవకాశాల కార్యాలయం గోడకున్న పోస్టరుది.)

మా వీధి చివర మేడమీది వాటాలో ఒక తల్లీ కూతురూ ఉంటారు. తల్లి ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతుకుతుంది. కూతురు ప్రతి గుమ్మంలోనూ తల వంచి రావలసినంత ఎత్తు కనుక, వీధి మొత్తానికీ ఆ పిల్ల పొడుగుపిల్ల. బడిలో ఆఖరి సంవత్సరం చదువుతున్నప్పుడు ఒక మధ్యాహ్నం కెరీర్ మేడం తరగతికి వచ్చి, అందరి భవిష్యత్తూ ఆ పీరియడ్‌లోనే తేల్చేయాలని చెప్పి, 'దారిచూపు' అనే యాప్ తెరిపించింది. తగవు వచ్చినప్పుడు మీరు నదిలా ఉంటారా, కొండలా ఉంటారా అని యాప్ అడిగింది. మీరొక రంగు అయితే ఏ రంగు అని అడిగింది. నది అన్నవాళ్ళూ కొండ అన్నవాళ్ళూ కూడా డేటా విశ్లేషకులుగా తేలారు. పొడుగుపిల్ల మాత్రం చివరి ఖాళీ గడిలో 'పాత కుర్చీలు విప్పి మళ్ళీ కట్టడం ఇష్టం' అని రాసింది. యాప్ చాలాసేపు గిరగిరా తిరిగి, 'ఇతరములు' అని తేల్చింది.

కెరీర్ మేడం దగ్గరికి వచ్చి భుజం తట్టింది. ఇతరములలో కూడా మంచి మంచి వాళ్ళుంటారని ధైర్యం చెప్పింది.

కుర్చీల పిచ్చి ఆ పిల్లకు సోఫా అత్త అంటించింది. మా వీధి మలుపులో పాత సోఫాలు, కుర్చీలు బాగుచేసే దుకాణం ఆవిడది. వయసు యాభై దాటింది. ఆ పని ఆవిడకు మామగారు నేర్పారు. ఆయన కొడుక్కి నేర్పబోతే కొడుకు పారిపోయి బస్సు డ్రైవరయ్యాడు, పక్కన నిలబడి చూస్తున్న కోడలికి వచ్చేసింది. సెలవుల్లో ఒకసారి బరువైన సోఫా పట్టుకోవడానికి పొడుగుపిల్లను పిలిచింది అత్త. ఆ రోజు పాత గుడ్డ ఊడదీసి లోపలిది చూపించింది. ముందు కట్టినవాడు ఎక్కడ ఓపిగ్గా కట్టాడో, ఎక్కడ భోజనానికి లేవాలని తొందరపడ్డాడో ముడులు చూసి చెప్పింది. పొడుగుపిల్ల ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి, కూర్చునే ముందు తమ కుర్చీని తలకిందులు చేసి చూసింది. అంతే, ఇక ఆ పిల్ల మనసు ఇంకో పనికి మళ్ళలేదు.

అత్తకూ భుజం నొప్పి మొదలైంది, ఒక చెయ్యి తోడు కావాలి. నేర్చుకునే మనిషి ఉంది, నేర్పే మనిషి ఉంది, పని ఉంది. ఇంత అస్తవ్యస్తంగా ఉన్న వ్యవహారాన్ని చక్కదిద్దడానికే కదా కార్యాలయాలున్నది.

కార్యాలయానికి వెళ్ళమన్నది పొడుగుపిల్ల తల్లే. ఆవిడ లాండ్రీలో ఎందరికో పని నేర్పింది. వాళ్ళలో సర్టిఫికెట్ ఉన్నవాళ్ళంతా ఆవిడ మీద సూపర్‌వైజర్లయ్యారు.

"పని వస్తే చాలదే. వచ్చని చెప్పే కాగితం ఉండాలి. నా బతుకు చూశావుగా," అంది కూతురితో. కాగితం రాకపోతే, మేనమామ పనిచేసే గిడ్డంగిలో పెట్టెలకు టేపులంటించే పనిలో చేరాలని షరతు పెట్టింది. మేనమామ ఆ చోటును కొన్నాళ్ళు ఆపి ఉంచుతానన్నాడు.

అవకాశాల కార్యాలయంలో యువ అవకాశాల సమన్వయ ఉపాధికారి అనే ఆయన ఉంటాడు. (సమన్వయాధికారి పోస్టు ఖాళీగా ఉంది, అర్హులెవరూ దొరకలేదట.) చాలా మంచి మనిషి. వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడతాడు. చేతిపని నేర్చుకుంటానని ఒక పిల్ల తనంత తాను రావడం ఆయన సర్వీసులో అదే మొదలు, అందుకని కాస్త కంగారుపడ్డాడు కూడా. దుకాణానికి గుర్తింపు వస్తే అప్రెంటిస్‌గా చేర్చుకుని, చివర్లో సర్టిఫికెట్ ఇస్తామన్నాడు.

గుర్తింపుకు ఏమేం కావాలో చెబితే అత్త అన్నీ చేసింది. మంటలార్పే డబ్బా తగిలించింది. 'శిక్షణార్థుల విశ్రాంతి స్థలం' అని బోర్డు రాయించి, బాగుచేయడానికి వచ్చిన ఒక పళ్ళ డాక్టరు సోఫా పైన కట్టింది. డాక్టరు వచ్చి సోఫా తీసుకుపోతే, బోర్డును ఇంకో సోఫా మీదికి మార్చింది. తనిఖీ సజావుగా జరిగింది. చివరికి ఉపాధికారి, ఈ పని మీకు వచ్చనడానికి ఆధారమేమిటని అత్తను అడిగాడు.

అత్త దుకాణం అంతా కలయజూసింది. అధికారి కూడా మర్యాద కోసం చూశాడు. అది ఆధారం కిందికి రాదన్నాడు. నేర్పినవారి సంతకమైనా కావాలన్నాడు.

"మా మామగారు నేర్పారు సార్. ఆయన పోయారు."

"ఎప్పుడొస్తారు?"

విషయం అర్థమయ్యాక ఉపాధికారి నిజంగానే నొచ్చుకుని, కాసేపు పెన్ను మూసి కూర్చున్నాడు. తరువాత పెన్ను తెరిచి అత్తను 'నైపుణ్యం లేనివారు' అన్న కోవలో రాసుకున్నాడు.

కానీ ఆయన చేతులెత్తేసే మనిషి కాదు. రాత్రంతా నిబంధనలు తిరగేసి మర్నాడు తనే దుకాణానికి వచ్చాడు. శిక్షకులయ్యేందుకు బడి చదువు పూర్తయినా, సర్టిఫికెట్ ఉన్నా చాలు, పని వచ్చి ఉండాలని నిబంధనల్లో ఎక్కడా లేదు. అత్త బడి మధ్యలోనే మానేసింది, పొడుగుపిల్ల పూర్తిచేసింది. కాబట్టి పొడుగుపిల్ల శిక్షకురాలు కావచ్చు. పనిలో రుజువు లేనిది అత్తకు కాబట్టి, అత్త ఆ పిల్ల దగ్గర అప్రెంటిస్‌గా చేరవచ్చు. శిక్షణ గడువు ముగిశాక అత్తకు సర్టిఫికెట్ వస్తుంది, అప్పుడు అత్త శిక్షకురాలై పొడుగుపిల్లను చేర్చుకుంటుంది. అందరికీ న్యాయం జరుగుతుంది.

అత్త, పొడుగుపిల్ల ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక్క గడువే కదా అనుకున్నారు. తల్లి మేనమామను బతిమాలి గిడ్డంగిలో చోటు ఇంకొన్నాళ్ళు ఆపించింది.

శిక్షకుల కోర్సు ఫోనులోనే అయిపోయింది. తిట్టే ముందు పొగడాలనీ, తిట్టాక మళ్ళీ పొగడాలనీ అందులో నేర్పారు. సోఫా అన్న మాట ఒకసారి వచ్చింది, పాఠం వినేటప్పుడు సోఫాలో పడుకోవద్దని. అత్తను చేర్చేటప్పుడు మాత్రం చిన్న చిక్కొచ్చింది. యాప్‌లో వయసు గడి ఇరవై నాలుగు దగ్గర ఆగిపోతుంది, అది యువత పథకం మరి. ఉపాధికారి ఇరవై నాలుగు నొక్కాడు. అత్త ఆ రోజు కొంగు సర్దుకుంటూ కాస్త సిగ్గుపడిందని పొడుగుపిల్ల చెప్పింది.

నెలనెలా శిక్షకురాలు శిక్షణార్థి ప్రగతిని రాయాలి. మొదటి నెల పొడుగుపిల్ల 'అత్తకు అన్నీ వచ్చు' అని రాసింది. మొదటి నెలలో ఎవరికీ ఏమీ రాకూడదని యాప్ దాన్ని తిప్పి పంపింది. అప్పుడా పిల్ల చాలాసేపు ఆలోచించి, 'దబ్బనం పట్టుకోవడంలో తడబాటు ఉంది, నిదానంగా నేర్చుకుంటోంది' అని రాసింది. యాప్ వెంటనే ఆమోదించి, ఆ వాక్యాన్ని అత్త ఫోనుకు పంపింది.

అత్త కళ్ళద్దాలు పెట్టుకుని చదివింది. సాయంత్రం దుకాణం మూస్తుండగా పొడుగుపిల్ల ఉండబట్టలేక, "అది నిజం కాదు కదత్తా. ఊరికే రాశాను," అంది.

"నాకు తెలీదా. కానీ చదవగానే ఒకసారి నా చేతులు చూసుకున్నానే," అంది అత్త.

ఆ తరువాతి నెలల్లో పొడుగుపిల్ల అత్తకు పట్టుదలగా ప్రగతి ప్రసాదించింది. గడువు సగం అయ్యేసరికి ఉపాధికారి ఫొటోగ్రాఫరును వెంటబెట్టుకుని బోధన చూడటానికి వచ్చాడు. కుర్చీ అడుగున అడ్డంగా నిలువుగా బిగించే పట్టీలే కూర్చున్న మనిషి బరువు మోస్తాయి. వాటిని లాగి కట్టడం పొడుగుపిల్లకు ఇంకా రాలేదు. అయినా శిక్షకురాలు కదా, నిలబడి చెప్పింది. ఇంత లాగితే చాలంది. అత్త అంతే లాగింది. మామగారు చూస్తే చెయ్యి మీద కొట్టి ఉండేవారని తెలిసి కూడా, చెప్పింది చెప్పినట్టు మేకులు కొట్టి, పైన కుషను వేసింది.

ఉపాధికారి ఫొటో కోసం అందులో కూర్చున్నాడు. కూర్చుని, కిందికి వెళ్ళి, ఆగాడు. మోకాళ్ళు గడ్డానికి ఆనాయి. ఆయన ఆ స్థితిలోనే యువత ఉన్నత శిఖరాలకు ఎదగడం గురించి ప్రసంగించాడు. తరువాత ఇద్దరూ చెరో చెయ్యీ పట్టి లేవదీశారు. బోధన అద్భుతమని రాసుకుని వెళ్ళాడు.

ఆయన అటు వెళ్ళగానే అత్త తలుపు దగ్గరగా వేసి మేకులన్నీ పీకేసింది. పట్టీ కొసను పొడుగుపిల్ల చేతికిచ్చి, ఆ చేతుల మీద తన చేతులు వేసింది. లాగమంది. ఇంకా అంది. భుజం నొప్పి పెడుతున్నా వదలకుండా, వేలితో మీటితే పట్టీ పలికేదాకా లాగించింది. అది పలికినప్పుడు పొడుగుపిల్ల నవ్విన నవ్వు వీధిలోకి వినిపించింది. ఆ పథకం కింద మా పట్టణంలో ఎవరైనా ఏదైనా నేర్చుకున్నారంటే అది ఆ మధ్యాహ్నమే. అది మాత్రం నమోదు కాలేదు.

గడువు ముగిసింది. టౌనుహాలులో సభ పెట్టి అత్తను ఉత్తమ యువ శిక్షణార్థిగా ప్రకటించారు. ఇంత చిన్న వయసులో ఇంత పట్టుదల చూడలేదని ముఖ్య అతిథి అన్నారు. అత్త తల వంచుకుని సర్టిఫికెట్ అందుకుంది. మర్నాడే పొడుగుపిల్లను వెంటబెట్టుకుని కార్యాలయానికి వెళ్ళి, ఇక ఈ పిల్లను నా దగ్గర రాయండి అంది.

ఉపాధికారి యాప్ తెరిచి, చాలాసేపు చూసి, మూశాడు. ఒకరిని విజయవంతంగా తయారుచేసిన శిక్షకురాలిని అప్రెంటిస్‌గా చేర్చుకోవడం కుదరదన్నాడు. పై మెట్టెక్కినవాళ్ళు దిగే ఏర్పాటు యాప్‌లో లేదు.

"మరి నేను నేర్చుకోవద్దా సార్?" అంది పొడుగుపిల్ల.

"నీకు వచ్చు కాబట్టే కదమ్మా ఆవిడకు నేర్పావు."

"నేను నేర్పలేదు సార్. ఆవిడే నాకు నేర్పింది."

ఆయన లేచి గది తలుపు వేసి వచ్చాడు. గొంతు తగ్గించి, "ఆ మాట ఇంకెక్కడా అనకు తల్లీ. ఆవిడ సర్టిఫికెట్ రద్దయిపోతుంది," అన్నాడు. నిజంగా వాళ్ళ మంచికే చెప్పాడు.

అంతటితో ఆయన ఊరుకోలేదు. సర్టిఫికెట్ పొందిన యువతకు ఉద్యోగం చూపించడం కార్యాలయం బాధ్యత కనుక, అత్తకు ఒక షాపింగ్ మాల్‌లో రసీదులు తనిఖీ చేసే పని చూపించాడు. నాకు దుకాణం ఉంది కదా అని అత్త అంది. సొంత పని లెక్కలోకి రాదని ఆయన బాధపడ్డాడు. అత్త వెళ్ళలేదు. దానితో ఆవిడ ఆ ఏడాది నివేదికలో 'అవకాశమిచ్చినా పని చేయడానికి ఇష్టపడని యువత' కింద చేరింది.

గిడ్డంగిలో చోటు ఈలోగా ఎవరికో పోయింది. పొడుగుపిల్లకు మాత్రం ఉపాధికారి తన కార్యాలయంలోనే ప్రేరణ సహాయకురాలిగా చోటిచ్చాడు. బడులకు వెళ్ళి చేతిపనుల గొప్పతనం గురించి మాట్లాడాలి. నెల జీతం, మెడలో ఫొటో ఉన్న కార్డు. తల్లి ఆ కార్డు పట్టీని ఇస్త్రీ చేసి మరీ కూతురి మెడలో వేసింది. లాండ్రీలో అందరికీ చెప్పుకుంది. ఆవిడను తప్పుపట్టడానికి నాకు నోరు రావడం లేదు.

చేరే ముందురోజు పొడుగుపిల్ల దుకాణానికి వెళ్ళి, చేతికి దొరికిన కుషనల్లా దులుపుతూ నిలబడింది.

"నువ్వు వద్దంటే వెళ్ళనత్తా."

"వద్దని ఎట్లా అంటానే? కాగితం లేకుండా నీతో చాకిరీ చేయించుకున్నానని రేపు మీ అమ్మ అడిగితే ఏం చెప్పను?" అంది అత్త. తరువాత వంకర దబ్బనం ఒకటి గుడ్డలో చుట్టి ఇవ్వబోయి, అక్కడ దీనితో ఏం చేస్తావులే అని మళ్ళీ డబ్బాలో వేసేసింది.

మొదట్లో పొడుగుపిల్ల ఆదివారాలు దుకాణానికి వెళ్ళేది. తరువాత ఆదివారాలు కార్యాలయంవాళ్ళు వర్క్‌షాపులు పెట్టారు. (వర్క్‌షాపు అంటే పని జరగని గది.) వేళ్ళకున్న కాయలు మెత్తబడ్డాయి. అత్త ఇప్పుడు బరువైన సోఫాలు ఒప్పుకోవడం లేదు, కుర్చీలు మాత్రమే చేస్తోంది.

ఈమధ్య మా వీధి బడిలోనే పొడుగుపిల్ల కార్యక్రమం జరిగింది. ఉపాధికారి, కెరీర్ మేడం వేదిక మీద ఉన్నారు. పెద్దలతో పాటు నన్నూ పిలిచారు. ఆ పిల్ల చక్కగా మాట్లాడింది. పాత కుర్చీ విప్పితే లోపల ఏముంటుందో, పట్టీ బిగిస్తే ఎలా పలుకుతుందో చెబుతుంటే, వెనక బెంచీల వాళ్ళు కూడా ముందుకు వంగి విన్నారు. చివర్లో ఒక అమ్మాయి లేచింది.

"ఆ పని మీకంత ఇష్టం కదక్కా, మరెందుకు మానేశారు?"

పొడుగుపిల్ల మెడలో కార్డును సవరించుకుంది.

"ఉద్యోగం వచ్చింది," అంది.

పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. ఉపాధికారి తలలు లెక్కపెట్టి, 'ప్రేరణ పొందినవారు' అన్న గడిలో తరగతి మొత్తాన్నీ రాసుకున్నాడు.