మా ఇంటి అయిదో జోన్

నేను అన్నిటికంటే ఎక్కువగా భయపడేది ఒక్కదానికే. ఎండవేళ పడుకోబెట్టిన పాపను సాయంత్రం లేపితే లేవదేమోనని.

కడపలో మే నెలలో పసిపిల్ల తల్లి ఎవరిని అడిగినా లోపల ఉన్నది ఇదే భయం. కాకపోతే పైకి అనరు. నేను అనేశాను. మా నాగశ్రీకి తొమ్మిది నెలలు. అది పడుకుంటే పావుగంటకోసారి లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. వేలు తగిలి అది ఉలిక్కిపడి లేచి ఏడిస్తే నాకు ప్రాణం లేచి వచ్చేది. పిల్లను అలా నిద్రపోనివ్వకుండా కాపాడుకుంటున్న రోజుల్లోనే మా ఇంటికి స్మార్ట్ కంట్రోల్ సిస్టం వచ్చింది.

కాబట్టి అనుభవంతో చెబుతున్నాను, వినండి. గదిగదికీ వేడి కొలిచి, తనంతట తానే సర్దుబాటు చేసే యంత్రం లేని ఇల్లు ఇల్లే కాదు! రెండువేల ఏడో సంవత్సరం వచ్చాక కూడా మీరు చెమట పట్టిందని లేచి వెళ్ళి, చేత్తో స్విచ్ వేసుకుంటున్నారా? చెమట పట్టిందని మీకెవరు చెప్పారు? మీ ఒళ్ళా? ఒంటి మాట నమ్మితే ఎలాగండీ!

నా చదువెంతో ముందే చెప్పేస్తాను. ఇంటర్ మొదటి సంవత్సరంలో ఫిజిక్స్ సారు ఉష్ణం పాఠం మొదలుపెట్టిన వారానికే నాకు పెళ్ళి కుదిరింది. పాఠం ఆగింది, ఉష్ణం ఆగలేదు. మిగతాదంతా అత్తగారింట్లో ప్రాక్టికల్స్‌గా నేర్చుకున్నాను.

దానికి మా ఇంటిని మించిన ల్యాబ్ లేదు. మా వాళ్ళది మామగారి కాలం నుంచీ బండల వ్యాపారం. అమ్ముడుపోని బండలన్నీ ఇంటికే వచ్చాయి. నేల బండ, అటక బండ, అలమార అరలు బండ, చివరకు నేను కూరలు తరిగే గట్టూ బండే. కడప నల్లబండ సంగతి తెలిసిందే కదా, పగలు తాగిన ఎండను తెల్లవారేదాకా తీరిగ్గా కక్కుతుంది. హాలు పెనం. మా పడకగది బొగ్గుల కుంపటి. మా అత్తగారు రాజ్యలక్ష్మమ్మ చల్లదనం కోసం గంటకోసారి నేల మీద నీళ్ళు చిలకరిస్తారు గనుక ఆమె గది ఇడ్లీపాత్ర. వంటింట్లో అగ్గిపుల్ల గీయడం దండగ.

ఇలాంటి ఇంటికి ఏడురోడ్ల కూడలి దగ్గరి ఒక షాపు నుంచి తేజేశ్వర్ అనే సేల్స్ అతను టై కట్టుకుని వచ్చాడు. మే నెలలో టై! ఆ ధైర్యానికే మా ఆయన సగం పడిపోయారు.

అతను తెచ్చిన పుస్తకం మొదటి పేజీలో మంచు కప్పిన ఇల్లు. లోపల ఉన్ని కోట్లు వేసుకున్న కుటుంబం నవ్వుతూ చలి కాచుకుంటోంది. మా ఆయన అటు తిప్పి ఇటు తిప్పి చూసి, “ఇది ఇల్లు వేడి చేసేది కదప్పా,” అన్నారు.

“అవును సార్. అక్కడ చల్లబడితే హీటర్లు వేస్తుంది. మనం వైర్లు తిరగేసి బిగిస్తే వేడెక్కినప్పుడు కూలర్లు వేస్తుంది. లాజిక్ సేమ్ సార్,” అన్నాడు తేజేశ్వర్.

ఎంత తేలిక! చలిదేశాన్ని తిరగేస్తే కడప. ఫిజిక్స్ సారు కూడా ఇంత బాగా చెప్పలేదు.

మూడు మోడళ్ళు చూపించాడు. ఎంచుకోవడానికి మాకు మూడు రోజులు పట్టింది. మా ఆయనకు లైట్లు ఎక్కువున్నది కావాలి. మా అత్తగారికి తూర్పు గోడకు పట్టేది కావాలి. నేను ఒక్క మాటే అడిగాను. పాప గది మరీ వేడెక్కితే అది అరుస్తుందా అని. ఏ జోన్ నలభై రెండు దాటినా ఇల్లంతా వినబడేలా అరుస్తుందని, చల్లబడేదాకా నోరు మూయదని మూడో మోడల్ చూపించాడు. అదే కావాలని పట్టుబట్టాను. మా ఇంట్లో నేను ఎంచిన మొదటి వస్తువు అదే. చీరలు కూడా అత్తగారే ఎంచుతారు.

ఇక గది అనకూడదు, జోన్ అనాలి. యంత్రానికి అయిదు జోన్లు. మాకున్నవి నాలుగు గదులు. అయిదోది ఖాళీగా వదిలితే గ్యారంటీ చెల్లదన్నాడు తేజేశ్వర్. మా ఆయన కాసేపు ఆలోచించి పైకి చూశారు.

పైన మిద్దె మీద రేకుల గది ఉంది. అందులో భీమమ్మ ఉంటుంది. మా పాపకు రోజూ నీళ్ళు పోసేది ఆమే. మా ఆయనకూ పసితనంలో ఆమే పోసిందట. చాచిన కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టుకుని, నలుగు పెట్టి, సాంబ్రాణి పొగ చూపిందంటే ఎంత ఏడ్చే పిల్ల అయినా మధ్యలోనే నిద్రలోకి జారిపోతుంది. అరవై దాటాయి. నా అన్నవాళ్ళు ఎవరూ లేరు. గదిలో కూలరు లేదు. సీలింగు ఫ్యాను ఉంది, రేకుల కింది వేడిని నాలుగు మూలలకూ సమానంగా పంచడానికి.

ఆ గదిలో మేకు కొట్టి తేజేశ్వర్ అయిదో సెన్సార్ తగిలించాడు. ఆ తెల్ల డబ్బా ఏం చేస్తుందని భీమమ్మ అడిగింది. ఈడ ఎంత వేడి ఉందో కింద చెబుతుందన్నాడు.

“నన్నడిగితే నేనే చెప్తా కదప్పా,” అంది ఆమె.

బిగించిన మరునాడు పన్నెండు గంటలకు యంత్రం అరిచింది. నేను పరుగెత్తి పాప ముక్కు దగ్గర వేలు పెట్టాను. పాప నిక్షేపంగా ఉంది. అరుపుకు లేచి అంతకంటే గట్టిగా ఏడుస్తోంది. గోడ మీద నాలుగు పచ్చలైట్లు, ఒక ఎర్రలైటు. అయిదో జోన్. నలభై ఏడు! అరగంటైనా అరుపు ఆగదు, పాప ఏడుపూ ఆగదు. షాపుకు ఫోన్ చేస్తే, “అక్కడ కూలర్ లేదు కదా మేడం, అరిచి ఏం లాభం? అయిదో వైరు పీకేయండి,” అన్నాడు తేజేశ్వర్. ఆ ప్రకారం వైరు పీకడం జరిగింది. ఇల్లు ప్రశాంతమైపోయింది. అన్నీ పచ్చలైట్లే!

ఆ తర్వాత మేం పొందిన లాభాలు ఇన్నని చెప్పలేను. పుస్తకంలో మంచు రక్షణ అని ఒక సౌకర్యం ఉంది. ఇంట్లో వేడి అయిదు డిగ్రీలకు పడిపోతే పైపుల్లో నీళ్ళు గడ్డకట్టకుండా కాపాడుతుందట. యంత్రం పెట్టి నెల అయింది. పాప మీద ఒట్టు, మా పైపులు ఒక్కసారి కూడా గడ్డకట్టలేదు! ఇంతకంటే రుజువు కావాలా?

కరెంటు పోతే కూలర్లు ఆగిపోతాయి గానీ యంత్రం ఆగదు. దానికి సొంత బ్యాటరీ ఉంది. మునుపు కరెంటు పోతే ఊరికే ఉడికేవాళ్ళం. ఇప్పుడు ముప్పై తొమ్మిదిన్నర దగ్గర ఉడుకుతున్నామని తెలిసి ఉడుకుతున్నాం. చదువుకున్న ఉడుకు వేరు కదండీ! మజ్జిగ తాగి వెళ్ళిపోయే చుట్టాలు కూడా నలభై దాటుతుందేమో చూసి పోదామని గోడకేసి చూస్తూ కూర్చుంటున్నారు. ఒకాయన నలభైకి ఒక్క పాయింటు తక్కువలో కరెంటు వచ్చిందని నిజంగానే బాధపడ్డాడు.

రెండో వారంలో ఇంకా గొప్ప సంగతి జరిగింది. ఒకరోజు హాల్లో ఇరవై నాలుగు చూపించింది యంత్రం. కరెంటు ఉంది, కూలరు తిరగదు. ఇరవై నాలుగుకు కూలరు ఎందుకని దాని ఉద్దేశం. మా ఆయన బనియను పిండితే గ్లాసుడు నీళ్ళు వచ్చేటట్టున్నాయి. అయినా లైటు కేసి చూసి, నీకు ఊరికే ఉక్కగా అనిపిస్తోందిలే అని నాకు ధైర్యం చెప్పారు. నేనూ నమ్మాను. పాప మెడ కింద చెయ్యి పెడితే అరచెయ్యి తడిసిపోయింది. అయినా గోడ మీద ఇరవై నాలుగు ఉంటే మన చెయ్యి అబద్ధమాడుతోందనే కదా!

చివరకు సెన్సార్ దగ్గరకు వెళ్ళి చూస్తే, దానికి శుభ్రంగా ఒక తడిగుడ్డ చుట్టి ఉంది. మీద చిన్న కుంకుమబొట్టు.

అత్తగారిని అడిగాను. ఆమె నొచ్చుకున్నారు. “నీళ్ళ కుండకు చుట్టమా? పాపం, అది మాత్రం ఈ ఎండకు యాడ తట్టుకుంటాదని చుట్టినా,” అన్నారు.

దాంతో నాకు జ్ఞానోదయమైంది. వేడి కొలిచేవాడి నెత్తిన ఒక తడిగుడ్డ వేయండి, ఊరంతా చల్లగా ఉందని రాసిచ్చేస్తాడు! ఈ పద్ధతి మా అత్తగారు కనిపెట్టిందేనని, ఇంకెక్కడా అమల్లో లేదని నా నమ్మకం.

గుడ్డ విప్పేశాం. కూలరు తిరిగింది. యంత్రం గొప్పతనం నిలబడింది.

ఇంత గొప్ప యంత్రం ఇంట్లో ఉండగా, ఇప్పుడీ రచన ఆత్మకూరులో మా అమ్మ వాళ్ళింట్లో కూర్చుని ఎందుకు రాస్తున్నావంటారా? పాపకు ఒళ్ళంతా చెమటకాయలు లేచాయండీ. నల్లమల గాలి తగిలితే తగ్గుతాయని మా ఆయనే బస్సెక్కించారు. వచ్చి అయిదు రోజులైంది. ఇక్కడ వేపచెట్టు కింద తాళ్ళ మంచం మీద పాప హాయిగా పడుకుంటోంది. ఎన్ని డిగ్రీలో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగరు. నేను వేలు పెట్టి చూడటం కూడా తగ్గించాను.

కానీ ఒక సంగతి సరిగా చెప్పలేదు. వైరు పీకడం జరిగింది అన్నాను కదా. పీకింది నేనే. నా పాప కోసం అరిచే యంత్రం కావాలని పట్టుబట్టినదాన్ని, అది ఇంకొకరి కోసం అరిస్తే స్టూలు వేసుకుని ఎక్కి మరీ పీకాను.

ఆ రోజు నుంచి పన్నెండు కాగానే, పాప ఏడుస్తోంది ఎత్తుకుందువు రా అని మెట్ల కింద నిలబడి భీమమ్మను పిలిచేదాన్ని. పాప ఏడ్చేది కాదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. హాల్లో కూలరు ముందు పాపను ఒళ్ళో వేసుకుని నాలుగున్నరదాకా కూర్చునేది. పిలవకపోతే మాత్రం దిగదు. కిందికి రావాలంటే ఆమెకు ఏదో ఒక పని ఉండాలి. ఇప్పుడు ఆ ఇంట్లో పసిపిల్ల లేదు. మా అత్తగారు మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేరు. మా ఆయన చీకటి పడేదాకా దుకాణంలోనే.

నిన్న ఫోన్‌లో భీమమ్మ ఎట్లుందని అడిగాను. అన్నీ పచ్చలైట్లే అన్నారు మా ఆయన. లైట్ల సంగతి కాదు, మనిషిని చూశారా అన్నాను.

“బాగనే ఉంటాదిలే. ఏమన్నా అయితే మిషన్ అరుస్తాది కదా,” అన్నారు.

వైరు సంగతి గుర్తు చేశాను. రేపు పోయి చూస్తానన్నారు. మా ఆయన రేపు ఎప్పుడొస్తుందో నాకు తెలుసు.

అందుకని మీలో కడపవాళ్ళుంటే చిన్న సాయం చేసిపెట్టండి. రైల్వే స్టేషన్ రోడ్డులో బండల దుకాణం పక్క సందు, ఆకుపచ్చ గేటు. మెట్లు బయటినుంచే ఉన్నాయి, ఎవరినీ అడగక్కర్లేదు. కడ్డీ పట్టుకోకండి, చెయ్యి కాలుతుంది. తలుపు తట్టి, హిమబిందు పంపిందని చెప్పండి. శానా బాగుండానమ్మా అంటుంది. నమ్మకండి. కుండలో నీళ్ళున్నాయో లేదో చూడండి. ఏదో ఒక పని ఉందని చెప్పి కిందికి తీసుకుపోయి కూలరు ముందు కూర్చోబెట్టండి.

ఒకవేళ పడుకుని ఉంటే, పాపం నిద్రపోతోందిలే అని వచ్చేయకండి. లేపండి.